టముకు నోరు విప్పని పూట

ఆ ఉదయం పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లను లేపడం, పళ్లు తోమించడం, స్టూడియోకు తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టడం, ఒకే ఒక్క మాట చెప్పించడం. "ఇంక నాకు భయం లేదు, పెద్దదాన్నవడానికి నేను సిద్ధం!" అంతే. మధ్యాహ్నం చానెలావిడ వచ్చి, సినిమా చూసి, బాగుందని తలూపితే చాలు. ఏడాదిన్నరగా పిన్ని మెడకు చుట్టుకున్న ఆ ఆరు నిమిషాల బొమ్మల సినిమా ఒక కొలిక్కి వస్తుంది.

సినిమాలో ఒక గౌను పిల్ల ఉంటుంది. ఆ పిల్ల గౌను రోజురోజుకూ పొట్టిదవుతూ ఉంటుంది. తప్పు గౌనుదేనని ఆ పిల్ల నమ్మకం. అందని తలుపు గడియలు అందుతుంటాయి, ఎత్తుగా ఉండే కుర్చీలు కుంగిపోతుంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలంతా "అబ్బో, ఎంత పెద్దదానివయ్యావే!" అంటుంటారు. వాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా గదిలోంచి ఒక ఆటబొమ్మ మాయమవుతుంటుంది. చివరికి ఆ పిల్ల బీరువాలో దూరి తలుపు వేసుకుంటుంది. పిన్ని మొదట సినిమాను అక్కడే ఆపేసింది. చానెలావిడ ఒప్పుకోలేదు. "పిల్లలు దడుచుకుంటారండీ. మా పెద్ద మేనేజరు ఒప్పుకోడు. ఆశ ఉండాలి. బయటికొచ్చి నవ్వమనండి" అంది. మరొకరు కొంటామని రాలేదు కాబట్టి పిన్ని పళ్లు కొరుక్కుంటూ గౌను పిల్లను బీరువాలోంచి బయటికి రప్పించింది.

గౌను పిల్లకు గొంతు ఇచ్చింది పిన్ని అక్కగారి కూతురు. ఆరు నిండి ఏడు నడుస్తోంది. ఇంట్లో అందరూ దాన్ని టముకు అంటారు. ఏ గదిలో ఎవరు ఏమన్నా, అన్నం వేళకల్లా వీధి చివరి వరకూ చేరవేస్తుంది కాబట్టి ఆ పేరు. వాళ్లమ్మ ఆఫీసు పని మీద వేరే ఊరు వెళుతూ దాన్ని చెల్లెలి దగ్గర వదిలింది. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క పన్ను తప్ప. పై వరసలో ముందు పన్ను. నాలుకతో తోస్తే తలుపులా ఇటూ అటూ ఊగుతోంది. టముకుకు ఊడబోతున్న మొట్టమొదటి పన్ను అదే.

పిన్ని ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గ్లాసులో పాలు పోస్తూ, స్టూడియోలో ఉన్న సౌండాయనతో మాట్లాడుతోంది.

"ఇవాళో రేపో అన్నట్టుంది ఆ పన్ను. మీరు మైకు పెట్టి రెడీగా ఉండండి. అది ఊడిందా, ఈ పిల్ల ఇంక పనికిరాదు. వేరే పిల్లని తెచ్చుకోవాల్సిందే."

పిన్ని బాధ గొంతు గురించి. ముందు పన్ను పోతే 'స' పలకదు, గాలి తుస్సుమంటుంది. మిగతా సినిమా అంతా పన్నున్న గొంతుతో రికార్డయి ఉంది. సౌండాయనకు ఆ సంగతి తెలుసు కాబట్టి "అవునవును" అన్నాడు. బాత్రూంలో నోటి నిండా నురగతో నిలబడి ఉన్న టముకుకు మాత్రం మాటలే వినిపించాయి, వాటి వెనక ఉన్న సంగతి వినిపించలేదు.

టముకు అద్దంలో చూసుకుంది. వేరే పిల్ల. అది ఎక్కడుంటుంది? వచ్చి తన మంచం మీదే పడుకుంటుందా? అమ్మ ఊరినుంచి వచ్చేసరికి ఇంట్లో అది కూర్చుని ఉంటే అమ్మకు తేడా తెలుస్తుందా? పన్నును ఒకసారి నాలుకతో తాకింది. అది కదిలింది. నోరు తెరిస్తేనే కదా ఏదైనా బయట పడేది అనుకుంది. పుక్కిలించి ఉమ్మేసి, పెదవులు బిగించి నోరు మూసేసింది.

పాలు తాగలేదు. బ్రెడ్డు ముట్టలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడా ఒక్క ముక్క మాట్లాడలేదు. మామూలు రోజైతే కండక్టరుకు పిన్ని జీతం ఎంతో చెప్పేసి ఉండేది. "గొంతు దాచుకుంటోంది, బంగారుతల్లి" అనుకుని పిన్ని మురిసిపోయింది.

స్టూడియో అంటే మూడో అంతస్తులో రెండు గదులు. ఒకదాంట్లో బల్లలు, తెరలు, బొమ్మలు. రెండోది ఒకప్పుడు సామాన్ల గది. గోడలకు స్పాంజి అంటించి, మధ్యలో గాజు పెట్టి, దాన్ని రికార్డింగ్ గది చేశారు. లోపలి గడియ మాత్రం అలాగే ఉండిపోయింది. లోపల అరిచినా బయటికి వినపడదు. మైకు ఉంటేనే స్పీకర్లలో వస్తుంది. బయటినుంచి మాట్లాడాలంటే సౌండాయన బల్ల మీద బటన్ నొక్కాలి.

సౌండాయన బక్కపల్చటి మనిషి. ఏళ్ల తరబడి రికార్డింగుల మధ్య బతకడం వల్ల పక్కింటివాళ్లతో కూడా గుసగుసగానే మాట్లాడతాడు. "ఏమ్మా, ఒకసారి పేరు చెప్పు, మైకు చూసుకుంటా" అన్నాడు. టముకు తల అడ్డంగా ఊపింది. "పోనీ ఆ అను." మళ్లీ అడ్డంగా ఊపింది. టముకు నోటినుంచి మాట రాకపోవడం సౌండాయన ఇదివరకు చూడలేదు. పక్క గదిలోకి తొంగి చూసి "గొంతు పోయింది" అని గుసగుసలాడాడు.

ఆ గదిలో ఉన్నది బొమ్మలాయన. సినిమాలో ప్రతి బొమ్మా ఆయన వంగి కూర్చుని గీసిందే. చేతికి తెలిసినన్ని విషయాలు నోటికి తెలియవు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. కంగారులో ఎవరు చేశారో చూడకుండా ఎత్తాడు. చానెలావిడ.

"ఎంతవరకొచ్చింది?"

"గొంతు లేదండీ" అన్నాడు బొమ్మలాయన.

"లేదా? నిన్నటిదాకా ఉందిగా?"

"ఉండేదండీ. పొద్దున్న పోయిందండీ."

"మళ్లీ మార్చేశారా మీరు? మూగ సినిమా చేశారా?"

ఆవిడకు కాదని చెప్పడం బొమ్మలాయనకు ఎప్పుడూ చేతకాలేదు. "అవునండీ" అన్నాడు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. మధ్యాహ్నం రావలసిన ఆవిడ ఆ క్షణమే బయల్దేరింది.

ఈలోపు పిన్ని టముకు ముందు మోకాళ్ల మీద కూర్చుని బతిమాలుతోంది. పన్ను కదలకుండా టముకు నాలుకను దానికి అదిమిపెట్టి ఉంచింది. ఊపిరి బిగపట్టడంతో బుగ్గలు ఉబ్బాయి. పిన్ని బుగ్గ మీద చెయ్యి వేసి చూసింది. "అయ్యో, వాచిపోయిందిరా భగవంతుడా! పన్ను దగ్గర చీము పట్టినట్టుంది. కింద పళ్ల డాక్టరున్నాడుగా, ఒక్కసారి పిలవండి. ఊరికే చూసి వెళ్తే చాలు."

సౌండాయన మెట్లు రెండేసి చొప్పున దిగాడు. పళ్ల డాక్టరు భారీ మనిషి, చేతులకు తొడుగులు, నుదుటి మీద దీపం.

"డాక్టరుగారూ, ఒక పన్నుంది. కాసేపు ఊడకుండా నిలబెట్టాలి" అని గుసగుసలాడాడు సౌండాయన.

"నిలబెట్టాలా?"

"ఒక్క మాట చెప్పేదాకా."

డాక్టరు వృత్తిలోకి వచ్చినప్పటినుంచీ ఇలాంటి కోరిక ఎవరూ కోరలేదు. కుర్చీలో నోటినిండా దూదితో ఉన్న పెద్దమనిషితో "కదలకండి, ఇప్పుడే వస్తా" అని చెప్పి, ఆ పన్ను ఏమిటో చూద్దామన్న ఆసక్తితో దీపం తీయకుండానే పైకి వచ్చేశాడు.

"చూడండి, నేను పీకేవాణ్ణే గానీ నిలబెట్టేవాణ్ణి కాదు" అంటూ గుమ్మంలో అడుగు పెట్టాడు.

టముకు ఆ మనిషిని చూసింది, తొడుగులు చూసింది, పీకేవాణ్ణన్న మాట విన్నది. పిన్ని చేతుల్లోంచి జారి రికార్డింగ్ గదిలోకి దూరి ధడేల్మని గడియ పెట్టేసింది.

పిన్ని తలుపు బాదింది. లోపలికి వినపడదని గుర్తొచ్చి ఆపింది. గాజులోంచి చూస్తే టముకు పెద్దవాళ్ల హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుని, చేతులు కట్టుకుని, మైకు ముందు రాజులా నిలబడి ఉంది. పిన్ని బల్ల దగ్గరికి పరిగెత్తింది. "రికార్డింగ్ ఆన్‌లోనే పెట్టండి. నోరు ఎప్పుడు తెరుస్తుందో ఏమో. తెరిచిన క్షణం పట్టేసుకోవాలి." సౌండాయన ఎర్రదీపం వెలిగించాడు. పిన్ని మాట్లాడే బటన్ నొక్కింది.

"బంగారం, ఒక్కసారమ్మా. ఇంక నాకు భయం లేదు, అను. తర్వాత నీ ఇష్టం, ఏడాది మాట్లాడకు."

అడ్డంగా తల.

"పోనీ సిద్ధం అను. మిగతాది నేను అతికించుకుంటా."

అడ్డంగా తల, ఇంకా గట్టిగా.

చానెలావిడ లోపలికి వచ్చేసరికి కనిపించిన దృశ్యం ఇది. గాజుకు ముక్కు ఆనించి నుదుటి దీపంతో లోపలికి చూస్తున్న భారీ మనిషి. నేల మీద కూర్చుని చేతులు జోడిస్తున్న సౌండాయన. గోడకు అతుక్కుపోయిన బొమ్మలాయన. బటన్ మీద వేలు పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్న దర్శకురాలు. గాజు అవతల నోరు బిగించుకున్న పిల్ల.

"నాకు ఒక్క మాటైనా చెప్పకుండా డైలాగులు తీసేస్తారా?" అంది ఆవిడ.

"డైలాగులు తీసేయడమేంటండీ? ఇప్పుడే చెప్తుంది" అంది పిన్ని.

"మీ ఆయనే గొంతు లేదన్నారు."

"ఈయన మా ఆయన కాదండీ, బొమ్మలు గీసే ఆయన."

"ఎవరైతేనేం! ఈయనెవరు, దీపం పెట్టుకుని?"

"పళ్ల డాక్టర్నండీ" అన్నాడు డాక్టరు, గాజు మీంచి ముక్కు తీయకుండా. "మామూలుగా కిందివి ముందు ఊడతాయి. ఈ పాపకి పైది తొందరపడిందట."

చానెలావిడ సహనం అక్కడితో సరి. "ఇంత గొడవెందుకండీ? ఈ పిల్ల చెప్పకపోతే వేరే పిల్లని తెచ్చుకోండి. పిల్లలకి కరువా?"

పిన్ని వేలు ఇంకా బటన్ మీదే ఉంది. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా టముకు చెవుల్లో పడింది.

స్పీకర్లు దద్దరిల్లాయి.

"తెచ్చుకోండి! ఎక్కడుందో ముందు నాకు చూపించండి! పన్ను ఊడితే ఈ పిల్ల పనికిరాదని పొద్దున్న పిన్ని ఫోన్లో చెప్పింది. నేను విన్నాను. అందుకే నోరు మూసుకున్నాను. ఆకలేస్తున్నా మూసుకున్నాను. అయినా మీరు..."

టిక్కుమని చప్పుడైంది. స్పీకర్లలో అది కిటికీకి రాయి తగిలినట్టు వినిపించింది. పన్ను మైకుకు కొట్టుకుని నేల మీద పడింది.

ఇప్పుడు ఏడుస్తుంది అనుకుంది పిన్ని. టముకు పన్ను తీసుకుని అరచేతిలో పెట్టి చూసింది. నాలుకతో ఖాళీని తడుముకుంది. తర్వాత గడ్డం పైకెత్తింది.

"ఊడింది. థరే. అయితే ఏంటి?"

గాలి తుస్సుమంటోంది. టముకు లెక్క చేయలేదు.

"గౌను పొట్టిదైతే గౌను పడేథ్తారు. పన్ను ఊడితే పిల్లని పడేథ్తారు. పైగా నేను థిద్ధం అని నవ్వుతూ చెప్పమంటారు. చెప్పను. నాకు భయమే! మీకు లేదా? పిన్నికి లిఫ్టంటే భయం. మూడంతథ్తులూ మెట్లెక్కి ఎక్థర్‌థైజ్ అంటుంది. థౌండు మామయ్యకి బల్లి అంటే భయం, మొన్న కుర్చీ ఎక్కి దిగలేదు. బొమ్మల తాతయ్యకి చానెలాంటీ అంటే భయం. ఆవిడ ఫోనొథ్తే బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పుకుంటాడు."

చానెలావిడ తల తిప్పి బొమ్మలాయన వైపు చూసింది. ఆయన పైకప్పులో ఏదో వెతుక్కున్నాడు.

"మీరంతా భయపడుతూనే పెద్దయ్యారుగా? మిమ్మల్నెవరూ ఆపలేదుగా? నేనూ అలాగే అవుతాను. అన్ని పళ్లూ ఊడనీ! నా గొంతు నాదే. ఆ వేరే పిల్ల వథ్తే నాకు చెప్పండి, దాంతో నేను మాట్లాడతాను!"

మాట్లాడటం అయిపోయింది. టముకు మళ్లీ చేతులు కట్టుకుంది. ఈసారి కింది పెదవి వణుకుతోంది.

పిన్ని బటన్ నొక్కింది. "ఆ మాట గొంతు గురించి అన్నానమ్మా. నీ గురించి కాదు" అంది.

"గొంతు నాదేగా?"

పిన్ని తలూపింది. "నీదే. అలా అనకూడదు. అన్నాను."

"వేరే పిల్ల ఉందా?"

"లేదు. ఉన్నా నాకొద్దు."

"పీకే ఆయన్ని దూరంగా నిలబెట్టు" అంది టముకు. డాక్టరు తనంతట తనే రెండడుగులు వెనక్కి వేసి, దీపం ఆర్పేశాడు. గడియ తీసిన చప్పుడైంది. పిన్ని లోపలికి వెళ్లి దాన్ని ఎత్తుకుంది. ఎత్తుకోవడానికి బాగా బరువెక్కిందని అప్పుడే తెలిసింది గానీ, ఆ మాట పైకి అనలేదు.

చానెలావిడ కుర్చీలో కూర్చుంది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. అవసరమైన దానికన్నా ఎక్కువసేపే తుడుచుకుంది.

"ఆ నవ్వడం, సిద్ధం అనడం, అదంతా తీసేయండి. ఇప్పుడు అన్నది పెట్టండి. కుళాయి సంగతి తప్ప."

"కుదరదండీ" అని గుసగుసలాడాడు సౌండాయన. "మొదట్నుంచీ పన్నుంది. చివర్లో పన్ను లేదు."

"అయితే సినిమా అంతా పన్ను లేకుండా మళ్లీ చెప్పించండి. అసలు ఈ తుస్సుమనే గొంతే బాగుంది. ఒక్క సినిమాతో ఆపడమెందుకు? వారం వారం వేద్దాం. మూడేళ్లు నడుస్తుంది." ఆవిడ ముఖం వెలిగిపోయింది. అంతలోనే కళ్లు చిన్నవయ్యాయి. "కానీ గొంతు ఇలాగే ఉండాలి. ఆ పన్ను మళ్లీ ఎప్పుడొస్తుంది?"

అందరూ పళ్ల డాక్టరు వైపు తిరిగారు.

"కొన్ని నెలలు" అన్నాడాయన.

"రాకుండా ఆపలేరా?"

"అమ్మా, అది పన్ను. కుళాయి కాదు కట్టేయడానికి."

"కనీసం ఆలస్యం చేయలేరా?" అన్నాడు సౌండాయన.

"పాలు తగ్గిస్తే?" అన్నాడు బొమ్మలాయన. ఆ రోజు ఆయన సొంతంగా అన్న మొదటి మాట అదే.

మూడేళ్ల పని అంటే ఏమిటో పిన్నికి తెలుసు. అద్దె గదుల బెంగ ఉండదు. బొమ్మలాయన ఇంకో ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదు. ఎత్తు పెరగకుండా ఏమైనా ఉందా అని అడగబోయి, నోటి దాకా వచ్చిన మాటను మింగింది. చంకలో ఉన్న టముకు ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది.

"పెద్దదాన్నవడానికి భయపడకూడదని మీరేగా చెప్పారు?" అంది. "ఇప్పుడు మీరంతా ఎందుకు భయపడుతున్నారు?"

బొమ్మలాయన మళ్లీ పైకప్పు వైపు చూశాడు.

పిన్ని పిల్లను కిందికి దించింది. "ఏ పన్నూ ఆపేది లేదు" అంది. "సినిమా మళ్లీ రికార్డు చేసేదీ లేదు. పన్నున్నప్పుడు పన్నున్న గొంతు. బీరువాలో ఉన్నప్పుడు గౌను పిల్లకి పన్ను ఊడుతుంది. అక్కణ్ణుంచి పన్ను లేని గొంతు. వారం వారం వేస్తామంటే వేయండి. మా పిల్ల ఎలా పెరిగితే బొమ్మ అలా పెరుగుతుంది. గొంతు మారితే మారుతుంది."

"బొమ్మలు పెరగకూడదండీ!" అంది చానెలావిడ. "పెరగవనే కదా మేం బొమ్మలు కొనేది!"

"మా బొమ్మ పెరుగుతుంది. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే తలుపు అటుంది."

ఏడాదిన్నరలో ఆవిడతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. చానెలావిడ లేచింది. సంచీ భుజానికి వేసుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఏమ్మాయ్" అంది టముకుతో. "అందరి భయాలూ చెప్పావుగా. నాకు దేనికి భయమో చెప్పు చూద్దాం."

టముకు ఆవిడను పైనుంచి కిందికి చూసింది. "మీకు మీ పెద్ద మేనేజరంటే భయం" అంది. "థంగతి ఆయనకి ఎలా చెప్పాలా అని నిలబడ్డారు."

చానెలావిడ సంచీ దించేసింది. "చెప్తాలే" అంది. "వింటే వింటాడు, లేకపోతే ఆయన గదికీ తలుపుంది. పెరగనీండి మీ బొమ్మని."

సౌండాయన ఆనందం పట్టలేక, జీవితంలో మొదటిసారి, గట్టిగా అరిచాడు. పిన్ని టముకు చేతికి బ్రెడ్డు ముక్క ఇచ్చింది. టముకు పక్క పళ్లతో ఎలా కొరకాలో కనిపెట్టి, ఆ సంగతి అందరికీ విడివిడిగా చెప్పడం మొదలుపెట్టింది.

బొమ్మలాయన మాత్రం డాక్టరు దగ్గరికి మెల్లగా జరిగాడు. గౌను పిల్ల నోరు తెరిచే బొమ్మలన్నీ ఆయన చేత్తో గీసినవే. ఇకమీద ఏ పన్ను ఊడినా, ఏ పన్ను వచ్చినా మళ్లీ గీయాల్సింది ఆయనే.

"డాక్టరుగారూ, పిల్లలకి మొత్తం ఎన్ని ఊడతాయి?"

"ఇరవై" అన్నాడు డాక్టరు ఉత్సాహంగా. "ఊడినవన్నీ మళ్లీ వస్తాయి."

బొమ్మలాయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఒక గ్లాసు మంచినీళ్లు అడిగాడు.